కూర్చునే చోటు మిగల్చండి: హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి,

ఒక్క కప్పు చాయ్ కొనుక్కుని రెండు గంటలు కూర్చోగలిగిన చోట్లు ఈ నగరంలో ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి. వాటి గురించే ఈ ఉత్తరం. నాలాలు, చెత్త, వాన పడితే నిండే రోడ్లు, ఫ్లైఓవర్లు... మీ ముందున్న పనుల బరువు తెలియక రాయడం లేదు. ఇది కూడా మీ పనే అని నమ్మి రాస్తున్నాను. ఆ హోటళ్ళకు లైసెన్సు ఇచ్చింది మీ కార్యాలయం, పన్ను కట్టించుకున్నది మీ కార్యాలయం, చివరికి ఆ భవనం పడగొట్టి కొత్తది కట్టుకోమని అనుమతి ఇచ్చిందీ మీ కార్యాలయమే. ఒక హోటల్ పుట్టుక, చావు రెండూ మీ రికార్డుల్లోనే ఉంటాయి. మధ్యలో అక్కడ గడిచిన జీవితం మాత్రం ఏ రికార్డులోనూ లేదు.

ఎనభైల్లో ఖమ్మం జిల్లా నుంచి చదువుకోసం వచ్చి చిక్కడపల్లిలో గది తీసుకున్నవాణ్ణి. ముగ్గురం చాపలు పరుచుకుంటే తలుపు తెరుచుకోని గది. ఊరి నుంచి ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదు. ఉద్యోగానికి దరఖాస్తు నింపాలన్నా, ఇంటికి ఇన్‌లాండ్ లెటర్ రాయాలన్నా, దోస్తుతో మనసు విప్పి మాట్లాడాలన్నా ఇరానీ హోటలే దిక్కు. మాలాంటివాళ్ళు అప్పట్లో ఈ నగరం నిండా ఉండేవాళ్ళు. జిల్లాల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో తలదాచుకుని, బతుకు వెతుక్కునేవాళ్ళు. హైదరాబాద్ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఇంత పెద్ద నగరంలో మాకు మొదట దొరికిన మర్యాద అదే.

ఆ హోటల్ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. అంచులు అరిగిన పాలరాతి బల్లలు. వంపు తిరిగిన వీపు ఉన్న చెక్క కుర్చీలు. గోడలకు నిలువెత్తు అద్దాలు. గల్లాపెట్టె పక్కన గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు, ఫైన్ బిస్కెట్లు. లోపల పెద్ద రాగి పాత్రలో మూతపెట్టి సన్నని సెగ మీద డికాక్షన్ గంటలకొద్దీ మగ్గుతూ ఉంటుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ముందు డికాక్షన్, దాని మీద పాలు. వేడి తాళలేనివాళ్ళు సాసర్లో పోసుకుని తాగేవాళ్ళు, అందులో నామోషీ ఏమీ లేదు. చేతిలో నాలుగు డబ్బులుంటే కీమా పెట్టిన చదరపు లుఖ్మీ, లేకపోతే వన్ బై టూ. చాయ్ సగం చేసుకున్నా కుర్చీ మాత్రం పూర్తిగా ఇచ్చేవాళ్ళు. బిల్లు కాగితం ఉండేది కాదు. మనం లేచి గల్లా వైపు నడుస్తుంటే బేరర్ వెనక నుంచి ఎంతైందో కేకేసి చెప్పేవాడు. అంత రద్దీలో ఏ బల్ల దగ్గర ఎవరు ఏం తిన్నారో అతనికి ఎలా గుర్తుండేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆటో డ్రైవరు పక్కన కోర్టు గుమస్తా, గుమస్తాకు ఎదురుగా కాలేజీ కుర్రాడు, వాడి భుజం మీదుగా ఉర్దూ పేపర్ చదువుతున్న ముసలాయన. మా ఊళ్ళో ఎవరు ఎవరి గ్లాసులో తాగాలో కులం చెప్పేది. ఇక్కడ అందరివీ ఒకే రకం కప్పులు, అన్నీ ఒకే తొట్టిలో కడిగేవాళ్ళు. ఈ మాట చిన్నదిగా కనిపించవచ్చు. ఆ రోజుల్లో పల్లె నుంచి వచ్చినవాడికి చిన్నది కాదు. నాకు వచ్చిన కాస్త ఉర్దూ కూడా ఆ బల్లల దగ్గర అబ్బిందే. గురువు లేడు, ఫీజు లేదు.

ఈ హోటళ్ళు పెట్టినవాళ్ళు ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలవాళ్ళు. పరాయి దేశం నుంచి వచ్చి, పరాయి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు చోటిచ్చారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది, ఇంకా నడుస్తోంది. చార్మినార్ పక్కన నిమ్రా 1993లో వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా, బషీర్‌బాగ్ వైపు కేఫ్ బహార్ బతికే ఉన్నాయి. పేరు మోసినవి కొన్ని నిలదొక్కుకున్నాయి. సందు మొగల్లో, మూలమలుపుల్లో, పేరు కూడా సరిగ్గా తెలియకుండా ‘మూలమీది ఇరానీ’ అని పిలుచుకున్నవే పోయాయి. మాకు అసలైన హోటళ్ళు అవే.

ఆబిడ్స్ ఓరియంట్ హోటల్ పోయింది. మఖ్దూం మొహియుద్దీన్ కూర్చున్న హోటల్ అది. కార్మిక నాయకుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డవాడు, ఉర్దూ కవిత్వానికి హైదరాబాద్ ఇచ్చిన గొప్ప గొంతు. ఆయన చుట్టూ కవులు, జర్నలిస్టులు, రాజకీయ కార్యకర్తలు గంటల తరబడి వాదించుకున్న చోటు. ట్యాంక్‌బండ్ మీద మఖ్దూం విగ్రహం ఉంది, సంతోషం. కానీ ఆయన బతికి, నవ్వి, కవిత చదివి, చాయ్ తాగిన చోట ఒక్క రాయి కూడా లేదు. ఆ చోటు చూపించమని ఎవరైనా యువకుడు అడిగితే వేలెత్తి చూపడానికి మా తరం మిగిలి ఉన్నంతవరకే వీలు.

తెలుగు సాహిత్యం వైపు వస్తే లక్డీకాపూల్ ద్వారకా హోటల్ పేరు చెప్పాలి. అక్కడ కవి కె. శివారెడ్డి గారి చుట్టూ సాయంత్రాలు కవులు చేరేవాళ్ళు. కొత్త కవి జేబులోంచి కాగితం తీసి చదివితే అక్కడే మెచ్చుకోలు, అక్కడే కోత. ఒక తరం వచన కవిత్వం విశ్వవిద్యాలయాల్లో కన్నా ఇలాంటి బల్లల దగ్గరే ఎక్కువ పదునెక్కిందని నా అభిప్రాయం. అంతకు ముందే, 1965లో, దిగంబర కవులు తమ మొదటి సంపుటిని ఈ నగరంలో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ తర్వాతి సంపుటి విజయవాడలో ఒక హోటల్ కార్మికుడి చేతుల మీదుగా వచ్చింది. మంత్రుల్నీ ఆచార్యుల్నీ కాదని వాళ్ళు ఎన్నుకున్న మనుషులు రిక్షా స్టాండు దగ్గర, హోటల్ గల్లా దగ్గర కనిపించేవాళ్ళే. కవులకు వీధితో ఎంత సంబంధం ఉండేదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక సినిమా హాళ్ళు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర మా గది నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఎన్ని తెరలు! సుదర్శన్ 70 ఎంఎం, ఓడియన్, దేవి, సంధ్య, సప్తగిరి. కొత్త సినిమా విడుదలైన శుక్రవారం ఆ నాలుగు రోడ్లలో బస్సు కదిలేది కాదు. చేత్తో రంగులు వేసిన హోర్డింగులు, గజమాలలు, క్యూలో తోపులాట, ఇంటర్వెల్లో మిర్చి బజ్జీ. సుదర్శన్ 70 పడగొట్టారు. ఓడియన్ స్థలంలో మాల్ లేచింది. హిమాయత్‌నగర్ లిబర్టీ లేదు, బషీర్‌బాగ్ స్కైలైన్ లేదు, కాచిగూడ బసంత్ టాకీస్ లేదు. సికింద్రాబాద్ సంగీత్ పోయినప్పుడు ఇంగ్లిష్ సినిమా చూడ్డం మొదటిసారి అక్కడే నేర్చుకున్న వేలమంది బాధపడి ఉంటారు. కాచిగూడలో మహేశ్వరి, పరమేశ్వరి జంట థియేటర్ల చోట వచ్చిన మాల్‌కు ఆ పేర్లయినా ఉంచారు, వాళ్ళకు నా నమస్కారం. అమీర్‌పేట సత్యం స్థానంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది. సినిమా చచ్చిపోలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. తెర నాణ్యత పెరిగింది, సీటు మెత్తబడింది, ఏసీ చల్లగా ఉంది. కానీ ముందు వరస బెంచీ టికెట్ కొనుక్కున్న కూలీ, బాల్కనీలో కూర్చున్న డాక్టరు ఒకే డైలాగుకు ఒకేసారి ఈల వేసిన హాలు పోయింది. టికెట్ లేకపోయినా కాంపౌండులో మెట్ల మీద కూర్చుని ఫొటో కార్డులు చూస్తూ గడిపిన మధ్యాహ్నాలు కూడా దాంతోపాటే పోయాయి.

బస్సులో మాత్రం ఇవన్నీ ఇంకా ఉన్నాయి. కండక్టర్ ‘లిబర్టీ’ అంటాడు, జనం దిగుతారు, అక్కడ లిబర్టీ థియేటర్ లేదు. ప్యారడైజ్ అనే పేరు కూడా ముందు ఒక సినిమా హాలుదే. ఆ హాల్లో 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ దేశమంతా పేరు తెచ్చుకుంది, హాలు మాత్రం మాయమై మెట్రో స్టేషన్ పేరులో మిగిలింది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆబిద్ అనే ఆయన దుకాణం ఎప్పుడో పోయినా ఆబిడ్స్ ఆబిడ్సే. లక్డీకాపూల్‌లో చెక్క వంతెనను మనలో ఎవరూ చూడలేదు. జనం తమకు ముఖ్యమైన చోట్లను ఇంత గట్టిగా పట్టుకుంటారు. మీరు వాటిని అధికారికంగా గుర్తించడం ఒక్కటే మిగిలింది.

డబుల్ డెక్కర్ బస్సుల గురించి ఒక్క మాట. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా పాతబస్తీ వైపు వెళ్ళే బస్సులో పైఅంతస్తు ముందు సీటు దొరికితే హుస్సేన్‌సాగర్ మొత్తం మనదే అన్నట్టుండేది. 2023లో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చినప్పుడు నగరం ఎంత మురిసిందో మీరు చూశారు. జనానికి ఈ జ్ఞాపకాలు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

ఇవన్నీ ఎందుకు మూతపడ్డాయో నాకు తెలియకపోలేదు. పాత అద్దె ఒప్పందాల మీద నడిచిన హోటళ్ళు అవి. మెయిన్ రోడ్డు మూల స్థలానికి బట్టల షోరూం ఇచ్చే అద్దె ముందు, ఒక్క చాయ్‌తో రెండు గంటలు కూర్చునే గిరాకీ నిలబడదు. పాల ధర, గ్యాస్ ధర పెరిగాయి. అన్నదమ్ములు, వారసులు వాటాలు అడిగారు. పిల్లలు చదువుకుని వేరే దేశాలు వెళ్ళారు, గల్లా మీద కూర్చునేవాడు లేడు. రోడ్డు వెడల్పు చేస్తే ముందుభాగం పోయింది, మిగిలిన దాంట్లో బల్లలు పట్టవు. మీ పన్ను విధానం కూడా ఒక చేయి వేసింది. నివాసేతర భవనాలకు ఆ ప్రాంతపు నెలవారీ అద్దె విలువను బట్టే ఆస్తి పన్ను వేస్తారు. చుట్టూ మాల్స్ వచ్చి అద్దెలు పెరిగిన చోట పాత హోటల్ మీదా ఆ లెక్కే పడుతుంది. లాభం ఆశించి షోరూంకు ఇచ్చుకున్న యజమానిని నేను తప్పుపట్టను. నగరం అతనికి వేరే దారి చూపించలేదు.

వాటి స్థానంలో వచ్చినవి చూడండి. ఇరానీ చాయ్ పేరుతోనే వీధికో కొట్టు ఉంది, రుచి కూడా బాగానే ఉంటుంది. కుర్చీ ఉండదు. నిలబడి తాగి, కప్పు డబ్బాలో పడేసి కదలాలి. కుర్చీ కావాలంటే జూబ్లీహిల్స్ కేఫ్‌కు వెళ్ళాలి, అక్కడ ఒక్క కాఫీ ధరకు మా రోజుల్లో పదిమంది కడుపునిండా తినేవాళ్ళం. ఈ నగరంలో ఇప్పుడు కూర్చోవడానికి రేటు కట్టారు. ఆ రేటు ఇవ్వలేని కుర్రాళ్ళు ఎక్కడున్నారో చూడాలంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి రండి. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు లోపల చోటు చాలక బయట చెట్ల కింద, మెట్ల మీద, ప్లాస్టిక్ కుర్చీల మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళలో నన్ను నేను చూసుకుంటాను. మాకు లైబ్రరీ మూసేశాక ఇరానీ హోటల్ ఉండేది. వాళ్ళకు ఏముంది?

పాతవన్నీ బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ హోటళ్ళు దాదాపు పూర్తిగా మగవాళ్ళవి. మా క్లాసులో చదివిన అమ్మాయిలు వాటి ముందు నుంచి తల వంచుకుని నడిచి వెళ్ళారు. కొన్ని చోట్ల ‘ఫ్యామిలీ రూమ్’ అని పరదా కట్టిన గది ఉండేది, భర్తతోనో అన్నతోనో వస్తేనే అందులోకి. మాకు దొరికిన ఆ ఖాళీ సాయంత్రాలు వాళ్ళకు దొరకలేదు. బేరర్లుగా పనిచేసిన పిల్లల్లో బడి ముఖం చూడనివాళ్ళు ఉన్నారు. పొగ, ఈగలు, గంటల కొద్దీ నిలబడి పనిచేసినవాళ్ళ కాళ్ళ నొప్పులు కూడా ఆ కథలోవే. కాబట్టి పాత హోటల్‌ను అచ్చుగుద్దినట్టు మళ్ళీ కట్టమని అడగను. అక్కడ మగవాళ్ళకు దొరికిన చనువు, ధైర్యం, కాలక్షేపం ఆడపిల్లలకూ దొరికే చోట్లు కావాలని అడుగుతాను.

మనకు వారసత్వ చట్టం ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చింది. అందులో మనం సాధారణంగా ఊహించుకునేది కోటలు, దేవిడీలు, మసీదులు, గడియార స్తంభాలు. వాటికే దిక్కు లేని రోజులున్నాయి. ఆరో నిజాం కాలం నాటి సైఫాబాద్ ప్యాలెస్, మనం జీ బ్లాక్ అని పిలిచింది, 2020 జులైలో పాత సచివాలయంతోపాటు నేలమట్టమైంది. ఎర్రమంజిల్ ప్యాలెస్ ఇంకా నిలబడి ఉందంటే 2019లో దాని కూల్చివేతను హైకోర్టు అడ్డుకోబట్టే. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభాగం 2025లో కూలింది. రాజుల కట్టడాల సంగతే ఇలా ఉంటే, సాదా గోడల ఇరానీ హోటల్ గురించి ఎవరు అడుగుతారు? వాస్తుశిల్పపరంగా గొప్పది కాకపోవచ్చు. కానీ వారసత్వం అంటే గోడ ఒక్కటే కాదు, ఆ గోడల మధ్య ఏం జరిగిందన్నది కూడా అని మీ కమిటీలు ఒప్పుకోవాలి.

చేయగలరని నమ్మడానికి నాకు ఆధారం ఉంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కళ్ళముందే పాడుబడుతుంటే దాన్ని బాగుచేసి మళ్ళీ జనానికి అప్పగించారు. ఇప్పుడు సాయంత్రం వెళ్తే ఆ రాతి ప్రాంగణంలో తల్లులు, పిల్లలు, కాలేజీ జంటలు ఐస్‌క్రీం తింటూ కూర్చుని ఉంటారు. ఎవరూ లేచి పొమ్మనరు. నగర పాలన అంటే ఇదీ అనిపించింది.

కాబట్టి కొన్ని కోరికలు. లండన్‌లో పేరున్నవాళ్ళు బతికిన ఇళ్ళ గోడల మీద గుర్తు పలకలు పెట్టే పద్ధతి 1866లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. పెద్ద ఖర్చేమీ కాదు. ఓరియంట్ ఉన్న చోట, లిబర్టీ ఉన్న చోట, సుదర్శన్ 70 ఉన్న చోట తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో ఒక పలక పెట్టండి. అక్కడ ఏముండేదో, ఎప్పటిదాకా ఉండేదో, ఎవరు వచ్చేవాళ్ళో రాయండి. ఆ పలకలకు కావలసిన సమాచారం కోసం మీ పాత లైసెన్సు రిజిస్టర్లు, భవన అనుమతుల ఫైళ్ళు చెదలు పట్టకముందే బయటికి తీయించండి. పనిచేసిన బేరర్లు, ప్రొజెక్టర్ ఆపరేటర్లు, గల్లా మీద కూర్చున్న యజమానులు ఇంకా కొందరు బతికి ఉన్నారు. వాళ్ళ మాటలు రికార్డు చేయించే పని కాలేజీ పిల్లలకు అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు.

ఉన్నవాటిని కాపాడటం ఇంకా ముఖ్యం. ఎన్నో ఏళ్ళుగా నడుస్తూ, తక్కువ ధరకు జనాన్ని కూర్చోబెడుతున్న హోటళ్ళకు, ఒంటి తెర థియేటర్లకు ఆస్తి పన్నులో ప్రత్యేక తరగతి పెట్టండి. రోడ్డు కోసం స్థలం ఇచ్చినవాళ్ళకు టీడీఆర్ (బదలాయించుకోగల అభివృద్ధి హక్కు) ఇస్తున్నారు. పాత హోటల్‌ను హోటల్‌గానే ఉంచుతానన్న యజమానికి ఆ రకం ప్రయోజనం ఎందుకు ఇవ్వకూడదు? కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్ ఇండియన్ కాఫీ హౌస్‌ను కార్మికుల సహకార సంఘమే నడుపుతోంది. మూతపడబోతున్న ఇరానీ హోటల్‌ను అందులో పనిచేసేవాళ్ళకే అప్పగించే ఆలోచన మన దగ్గరా చేయవచ్చు. కొత్తగా అనుమతి పొందే ప్రతి పెద్ద వాణిజ్య భవనం కింద, ఏమీ కొనకపోయినా కూర్చోగలిగే నీడ, బెంచీలు, మంచినీళ్ళు ఉండాలని షరతు పెట్టండి. దానికి వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే మా రోజుల్లో రాలేకపోయిన ఆడపిల్లలు కూడా రాగలుగుతారు.

అన్నిటికన్నా ముందు చేయవలసినది ఒకటుంది. ఆబిడ్స్‌లో ప్రతి ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పరుచుకునే పాత పుస్తకాల బజారు. నా చదువులో సగం అక్కడ ఒంగి ఏరుకున్నదే. చలం, శ్రీశ్రీ, గోర్కీ, ఎవరి సంతకమో ఉన్న డిక్షనరీ, సిలబస్ మారిపోయిన పాఠ్యపుస్తకం, అన్నీ ఒకే గోనెపట్టా మీద. ఈ అడ్డా ఇంకా బతికి ఉంది. ట్రాఫిక్ పేరుతోనో, సుందరీకరణ పేరుతోనో ఏదో ఒక రోజు దాన్ని ఖాళీ చేయిస్తారన్న భయం మాకు ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం, యాభై ఏళ్ళకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించకూడదని చెబుతోంది. ఆ వయసు తేల్చడం కష్టమేమీ కాదు. తండ్రి తర్వాత కొడుకు పట్టా పరుస్తున్నవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు, అడిగితే చెబుతారు. ఆ చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీకి అధ్యక్షులు మీరే. వచ్చే సమావేశం అజెండాలో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారును చేర్చి, వారసత్వ మార్కెట్‌గా ప్రకటించమని కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు